నీళ్ల సంగతి అడగరేం?

దసరా ఆఫర్లు మొదలయ్యాయంటే ఎలక్ట్రానిక్స్ షోరూముల్లో కాలు పెట్టే సందుండదు. లోపలికి వెళ్లీ వెళ్లకముందే మెడలో ఐడీ కార్డు వేలాడే కుర్రాడు ఎదురొస్తాడు. ఇంట్లో ఎంతమంది మేడమ్, ఫ్రంట్ లోడా టాప్ లోడా, ఏడు కిలోలా ఎనిమిదా, పాతది ఎక్స్‌ఛేంజ్‌లో ఇస్తారా, ఈఎంఐ ఏ బ్యాంకు కార్డు మీద... అన్నీ అడుగుతాడు. రంగు కూడా అడుగుతాడు. మీ ఇంటికొచ్చేవి ఏ నీళ్లు అని మాత్రం అడగడు. వాషింగ్ మెషీన్ ఉన్నన్నాళ్లూ చేసే పనంతా నీళ్లతోనే. గీజరుదీ అంతే.

ఇల్లు అద్దెకు చూసుకునేటప్పుడు మాత్రం మనం మొట్టమొదట అడిగేది అదే. హైదరాబాద్‌లో అయితే "మంజీరా కుళాయి ఉందా అండీ, ఒట్టి బోరేనా?" అంటాం. కొత్త కాలనీలో సామాను దించుతుండగానే పక్కింటావిడ వచ్చి, "ఈ బోరు నీళ్లకి కందిపప్పు ఉడకదమ్మా, వంటకి క్యాన్ వేయించుకోండి" అని చెప్పి వెళుతుంది. పప్పే ఉడకని నీళ్లలో నలభై వేలు పోసి కొన్న మెషీన్ ఎన్నాళ్లుంటుందన్న ఆలోచన కొనేవాళ్లకు రాదు. అమ్మేవాళ్లు రానివ్వరు.

నా ఫిర్యాదు ఇదే. గీజర్లు, వాషింగ్ మెషీన్లు, బట్టల పౌడర్లు మన ఇళ్లలో సరిగ్గా పనిచేయడం లేదని మనం చెప్పుకునే కష్టాల్లో చాలావాటి వెనక ఉన్నవి నీళ్లే. ఆ సంగతి కంపెనీకి తెలుసు, సర్వీసుకొచ్చే కుర్రాడికీ తెలుసు. కొనే ముందు ఎవరూ చెప్పరు. చెడిపోయాక మాత్రం ఆ నీళ్లనే సాకుగా చూపి వారంటీ వర్తించదంటారు.

పోయిన చలికాలం మా గీజరులో నీళ్లు వేడెక్కడం మానేశాయి. కంప్లయింటు పెడితే మెకానిక్ వచ్చి, ట్యాంకు ఖాళీ చేసి, పాత పేపరు పరిచి దాని మీద హీటింగ్ ఎలిమెంటు పెట్టాడు. రాగి గొట్టం జాడే లేదు. చుట్టూ వేలి మందాన తెల్లటి పెచ్చు. స్క్రూ డ్రైవరుతో కొడితే ముక్కలు ముక్కలుగా రాలింది. ఒకచోట గొట్టం పగిలిపోయి ఉంది.

"సున్నం మేడమ్. హార్డ్ వాటర్. ఇది వారంటీలోకి రాదు."

"మరి అమ్మేటప్పుడు ఈ మాట ఒక్కరూ చెప్పలేదేం బాబూ?"

"అమ్మేది వాళ్లు మేడమ్. వచ్చేది మేం."

కొత్త ఎలిమెంటుకీ గ్యాస్కెట్టుకీ సర్వీసు చార్జికీ డబ్బు కట్టాక, నా ఫోనుకు నాలుగంకెల నంబరు వచ్చింది. అది చెబితేనే అతని ఫైలు మూతపడుతుంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు హ్యాపీ కోడ్. ఆ కుర్రాడి మీద నాకేం కోపం లేదు, నంబరు చెప్పి పంపించాను.

ఆ పెచ్చు ఎలా కడుతుందో హైస్కూలు రసాయన శాస్త్రంలో అందరం చదివాం. రాళ్ల సందుల్లోంచి దిగే నీళ్లు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుని బోర్లలోకి చేరతాయి. అందులోని కాల్షియం బైకార్బొనేట్ చల్లటి నీళ్లలో కరిగే ఉంటుంది. వేడి తగిలితే విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా, అంటే సున్నపురాయిగా పేరుకుంటుంది. ఎక్కువ వేడి ఎక్కడుందో అక్కడే, ఎలిమెంటు మీదే, ముందు పేరుకుంటుంది. పెచ్చు మందమయ్యేకొద్దీ లోపలి వేడి నీళ్లకు అందదు. కరెంటు ఎక్కువ కాలుతుంది. చివరికి లోపలి వేడి బయటికి పోలేక గొట్టమే పగులుతుంది.

భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టుకున్న ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం లీటరు నీళ్లలో కాఠిన్యత 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే దిక్కు లేని చోట 600 దాకా ఒప్పుకోవచ్చు. ఇవి మనిషి తాగడానికి పెట్టిన హద్దులు. గీజరు ఎంతవరకు తాగగలదో చాలా డబ్బాల మీద ఉండదు. డబ్బా మీద నక్షత్రాలున్నాయి కదా అంటారా? బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ 2006లో మొదలుపెట్టిన ఆ స్టార్ లేబుల్ మంచి పనే. అయితే స్టోరేజి గీజరుకిచ్చే నక్షత్రాలు, కాగిన నీళ్లు ట్యాంకులో ఊరికే నిలవుంటే రోజుకెంత వేడి పోతుందో చూసి ఇచ్చేవి. ఎలిమెంటుకు సున్నం పట్టాక ఎంత కరెంటు కాలుతుందో వాటి లెక్కలోకి రాదు.

వాషింగ్ మెషీన్ ప్రకటనల్లో అన్నిటికంటే పెద్ద అక్షరాలు మోటారు వారంటీవి. పదేళ్లు! నాకు తెలిసిన ఇళ్లలో మోటారు పోయిందన్నవాళ్లు అరుదు. నీళ్లొచ్చే వాల్వు, దాని జల్లెడ, డ్రెయిన్ పంపు, వేడినీళ్ల ఎలిమెంటు, సర్క్యూట్ బోర్డు, ఇవీ పోయేవి. వీటికి ఎక్కువ కంపెనీలిచ్చే గడువు రెండేళ్లో, అంతకంటే తక్కువో. చెడిపోని దానికి పదేళ్లు, చెడిపోయే దానికి రెండేళ్లు!

ఇక సబ్బుల సంగతి. కఠిన జలంలో సబ్బు కాల్షియంతో కలిసి తెట్టు కడుతుంది, నురగ రాదు. డిటర్జెంటుకు ఆ బాధ తక్కువే కానీ అదీ పూర్తిగా తప్పించుకోలేదు. అందుకే పౌడరులో సోడా యాష్, జియొలైటు వంటివి కలుపుతారు. ముందు అవి కాల్షియాన్ని పట్టుకుంటే, ఆ తర్వాత డిటర్జెంటు మురికి మీద పనిచేస్తుంది. నీళ్లు ఎంత కఠినమైతే పౌడరు అంత ఎక్కువ పట్టాలి. ఎంత ఎక్కువ అన్నది ప్యాకెట్టు మీద ఉండాలి కదా? మన ప్యాకెట్ల మీద ఎక్కువగా ఉండేది ఒక చెంచా బొమ్మ, బకెట్టుకింత, మెషీనుకింత అని. మంజీరా నీళ్లున్న ఇంటికీ, అనంతపురంలో లోతు బోరు నీళ్లున్న ఇంటికీ అదే చెంచా.

దాంతో జనం నురగను చూసి కొలత వేసుకుంటున్నారు. నురగ రాలేదు, ఇంకో చెంచా. ఇంకా రాలేదు, ఇంకోటి. అలా పడిన పౌడరు పూర్తిగా జాడించుకుపోక గుడ్డలోనే ఉండిపోతుంది. తెల్ల చొక్కా బూడిదరంగు తిరుగుతుంది, ఆరిన తువ్వాలు అప్పడంలా పెళపెళలాడుతుంది. "పౌడరు మార్చండమ్మా, ఇది మంచిది కాదు" అంటుంది పనిమనిషి. మారుస్తాం. ఆర్నెల్లకు మళ్లీ మారుస్తాం. సర్ఫ్ మన దేశంలోకి 1959లో వచ్చింది, నిర్మా 1969లో అహ్మదాబాద్‌లో పుట్టింది. అప్పట్నుంచీ టీవీలోనూ రేడియోలోనూ ఈ కంపెనీల మధ్య యుద్ధమంతా తెలుపు మీద, ధర మీద. ఏ నీళ్లకు ఏ పౌడరు, ఎంత అన్న ముక్క నేను చూసిన ఒక్క ప్రకటనలోనూ వినపడలేదు.

చాకిరేవులో ఈ లెక్క తెలుసు. చౌడు మట్టి తెచ్చి నీళ్లలో కలిపి, ఆ నీళ్లలో గుడ్డలు నానేసి, ఉబ్బ పెట్టి ఉతికేవారు. చౌడులో ఉండేది సోడియం కార్బొనేటు, ఇవాళ పౌడరులో కలుపుతున్న సోడా యాష్ అదే. ఉప్పు నీళ్ల ఊళ్లలో కూడా తలంటుకు కుంకుడుకాయ నురగ ఇవ్వడానికి కారణముంది. అందులోని సాపొనిన్లు సబ్బులాగా కాల్షియంతో తెట్టు కట్టవు. ఆ రోజులు తిరిగి రావాలని నేననను. తెల్లవారకముందే రేవులో నడుం వంచిన కుటుంబాల కష్టం తెలిసినవాళ్లెవరూ అనరు. ఆ కుటుంబాలకున్న నీటి లెక్క, లాబొరేటరీలున్న కంపెనీలకు లేకుండా పోయిందా అన్నదే నా ప్రశ్న.

లేకుండా పోలేదు. కావాలనుకున్నప్పుడు చెబుతారు కూడా. వాటర్ ప్యూరిఫయరు అమ్మడానికి వచ్చినాయన్ని గుర్తు తెచ్చుకోండి. సంచీలోంచి మొదట తీసేది, నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపే పెన్నులాంటి టీడీఎస్ మీటరు. తర్వాత రెండు గ్లాసులు. ఒకదాంట్లో మన కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్‌వో నీళ్లు. రెండింట్లోనూ లోహపు కడ్డీలు ముంచి ప్లగ్గు పెడతాడు. నిమిషంలో కుళాయి నీళ్లు ఎర్రగా, బురదబురదగా మారతాయి. "చూశారా అమ్మా, పిల్లలకు మీరు తాగిస్తున్నది ఇదీ" అంటాడు. నిజానికి ఆ బురద నీళ్లలోది కాదు, కడ్డీలోది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది కాబట్టి ఇనుము కరిగి తుప్పు దిగుతుంది. లవణాలు తీసేసిన నీళ్లలో కరెంటు దాదాపు పారదు కాబట్టి అవి తేటగా ఉంటాయి. నీళ్లలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల కంటే తక్కువున్న చోట ఆర్‌వో వాడనివ్వొద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మే నెలలో చెప్పింది. ఆ మాట ఆ సంచీలో ఉండదు. నీళ్లు బాగాలేవంటే సరుకు అమ్ముడవుతుంది గనక ఇక్కడ నీళ్ల గురించి అరగంట పాఠం. గీజరు దగ్గర అదే మాట అంటే బేరం పోతుంది గనక నోరు మెదపరు.

కంపెనీల వాదన నాకు తెలుసు. నీళ్లు ఊరూరికీ, వీధివీధికీ మారతాయి, అన్నిటికీ మేమెక్కడ హామీ ఇవ్వగలం అంటారు. న్యాయమే. అయితే అదే షోరూములో నాలుగడుగులు అవతలున్న డిష్‌వాషర్‌ను చూడండి. దాంట్లో నీటి కాఠిన్యతను బట్టి తిప్పుకునే సెట్టింగు ఉంటుంది. నీళ్లను మెత్తబరిచే రెజిన్ లోపలే ఉంటుంది, దానికి వేయాల్సిన ఉప్పు ఏదో పుస్తకంలో రాసి ఉంటుంది. కొన్ని కంపెనీలు నీళ్లలో ముంచి చూసుకునే పరీక్ష కాగితం కూడా ఇస్తాయి. గిన్నెలు కడిగే యంత్రం నీళ్ల సంగతి అడగగలిగినప్పుడు బట్టలుతికే యంత్రానికి నోరెందుకు రాదు?

నీళ్లను బట్టి పౌడరు కొలత చెప్పడం యూరోపియన్ యూనియన్‌లో చట్టం. 2004 నాటి డిటర్జెంట్ల నిబంధన ప్రకారం ఇళ్లకు అమ్మే బట్టల డిటర్జెంటు ప్యాకెట్టు మీద మెత్తటి నీళ్లకింత, మధ్యరకానికింత, కఠిన జలానికింత అని మూడు కొలతలూ అచ్చువేయాలి. జర్మనీలో అయితే ఇంటికొచ్చే నీళ్లు ఆ మూడింటిలో ఏ రకమో సరఫరా చేసే సంస్థే జనానికి చెప్పాలి. అక్కడ కాపురముంటున్న మనవాళ్లను అడగండి, పౌడరు ప్యాకెట్టు ఫొటో తీసి పంపిస్తారు. డిటర్జెంట్లు అమ్మే పెద్ద కంపెనీల్లో కొన్ని ఇక్కడా ఉన్నాయి, అక్కడా ఉన్నాయి. అక్కడ మూడు కొలతలు, ఇక్కడ చెంచా బొమ్మ.

మన చట్టం మరీ చేతకానిదేం కాదు. 2020 జులై నుంచి అమల్లో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యత, ప్రమాణం గురించి తెలుసుకునే హక్కు మనకిచ్చింది. ఎక్కడ కొన్నా, మనముంటున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. రెండేళ్లలోపు వేయాలి. సరుకుకు కట్టింది ఐదు లక్షల లోపయితే ఫీజు లేదు, లాయరుండి తీరాలనీ లేదు. అంతదాకా పోలేనివాళ్లకు 1915 హెల్ప్‌లైను ఉంది. వారంటీ షరతులు సీలు వేసిన డబ్బాలో పెట్టి, డబ్బు కట్టాక చదువుకోమనడం తెలుసుకునే హక్కును మన్నించడం ఎలా అవుతుందో కంపెనీలే చెప్పాలి.

ఈలోగా మన జాగ్రత్త మనం పడాలి. ఒక సీసాలో సగందాకా కుళాయి నీళ్లు, ఇంకో సీసాలో అంతే వాన నీళ్లో ఆర్‌వో నీళ్లో పోసి, రెండింట్లోనూ ఒంటి సబ్బు తురుము చిటికెడు వేసి ఊపండి. నురగకు బదులు తెట్టు తేలితే మీవి కఠిన జలం. లెక్క కావాలంటే పరీక్ష కాగితాలు దొరుకుతాయి, ప్రభుత్వ నీటి పరీక్ష కేంద్రాలూ ఉన్నాయి. గీజరు వేడి 50, 55 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే సున్నం తక్కువ పడుతుంది. ఏడాదికోసారి ఎలిమెంటు తీయించి శుభ్రం చేయించండి. వాషింగ్ మెషీన్ జల్లెడకు పట్టిన సున్నాన్ని కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు కరిగించిన నీళ్లు వదలగొడతాయి. ఆర్‌వో వదిలేసిన నీళ్లు ఇల్లు తుడుచుకోవడానికి సరే, మెషీనులో పోయకండి, లవణాలన్నీ అందులోనే చిక్కబడి ఉంటాయి. బాత్‌రూము టైల్స్ మీది తెల్ల మరకలకు యాసిడ్ వాడేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. దాంట్లో బ్లీచింగ్ పౌడరు పొరపాటున కూడా కలపకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన బాత్‌రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక ప్రభుత్వం చేయాల్సినవి మూడే. గీజరు, వాషింగ్ మెషీన్ డబ్బా మీద స్టార్ లేబుల్ పక్కనే, ఎంత కాఠిన్యత వరకు వారంటీ చెల్లుతుందో అంకెల్లో వేయించాలి. డిటర్జెంటు ప్యాకెట్టు మీద మూడు రకాల నీళ్లకూ మూడు కొలతలు వేయించాలి. హైదరాబాద్ జలమండలి, మున్సిపాలిటీలు నెలనెలా పంపే నీళ్ల బిల్లు మీద ఆ నీళ్ల కాఠిన్యత ఎంతో రాయించాలి. వీటిలో ఏదీ ఖజానాకు బరువు కాదు.

అది జరిగేదాకా ఆ పని కౌంటరు దగ్గర మనమే చేసుకోవాలి. కార్డు ఇచ్చే ముందు, "మాది బోరు నీళ్లు. సున్నం పట్టి చెడిపోతే వారంటీ ఇస్తారా, ఇవ్వరా? బిల్లు మీద రాసివ్వండి" అనండి. కుర్రాడు మేనేజరును పిలుస్తాడు. మేనేజరు రాయనంటే పక్క షోరూముకి నడవండి. ఆఫరు ఎలాగూ దీపావళి దాకా పొడిగిస్తారు.