చక్రం మీది నల్లదుమ్ము

పిల్లలూ! ఆగివున్న కారు చక్రాలను ఎప్పుడయినా పరీక్షగా చూశారా? సాధారణంగా వెనక చక్రాలకన్న ముందు చక్రాలే ఎక్కువ నల్లగా ఉంటాయి. నాలుగూ నడిచింది ఒకే రోడ్డు మీద గదా, మరి ఈ తేడా ఎందుకు? ఎందుకంటే అది చాలావరకు రోడ్డు దుమ్ము కాదు. బ్రేకులు అరగగా రాలిన పొడి.

చక్రం చువ్వల సందులోంచి లోపలికి చూస్తే పళ్ళెంలాంటి ఇనప బిళ్ళ కనిపిస్తుంది. అది డిస్కు. దాన్ని పట్టకారులాగా పట్టివుండేది కాలిపర్. బ్రేకు తొక్కగానే కాలిపర్ లోని రెండు పాడ్ లు డిస్కును చెరొకవైపునా నొక్కుతాయి. ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లోనే ఇటువంటి బ్రేకుకు పేటెంటు పొందాడు గాని, అది చెవులు చిల్లులు పడేలా కీచుమనేది! 1953లో ఫ్రాన్సులో, ల మాన్ పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచాక దానికి మంచి పేరు వచ్చింది.

వెయ్యి కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ ఆగిందనుకోండి. ఆ చలనశక్తి ఏమయినట్టు? వేడి అయింది. ఆ ఒక్కసారి పుట్టే వేడితో సుమారు అరలీటరు నీళ్ళు మరగబెట్టవచ్చు! కారు ఆగేటప్పుడు బరువు ముందుకు తూలుతుంది. అందుచేత ముందు బ్రేకులకే పని ఎక్కువ, అరుగుదలా ఎక్కువే. పైగా చాలా చిన్న కార్లకు వెనక డ్రమ్ము బ్రేకులుంటాయి. వాటి పొడి చాలావరకు డ్రమ్ములోనే ఉండిపోతుంది.

ఈ పొడిలో ఇనుము చాలా ఉంటుంది. వేడివేడిగా వచ్చి చక్రానికి అంటుకుని, తడి తగిలితే తుప్పుపడుతుంది. అప్పుడిక ఒట్టి నీళ్ళకు వదలదు.

ఇత్తడి చెంబుకు లాగా చింతపండు రుద్దుదామా? వద్దు! మిశ్రలోహపు చక్రాలు అల్యూమినియంతో చేసినవి. అల్యూమినియం గిన్నెలో పులుసు నిలవ ఉంచరాదని ఇంట్లో అంటారు గదా, ఇదీ అంతే. చక్రం పూర్తిగా చల్లారాక నీళ్ళు పోసి, కారు సబ్బు నురుగుతో మెత్తని బ్రష్షు పెట్టి తోమాలి. వేడి చక్రం మీద సబ్బు ఎండిపోయి మరకలు పడతాయి. మొండి మరకలకు ఒక ద్రవం అమ్ముతారు. ఇనప పొడి తగలగానే అది ఊదారంగుగా మారి కారుతుంది. చూడ ముచ్చటే గాని కంపు భరించలేము! అది పెద్దవాళ్ళు చేతితొడుగులు వేసుకుని చేయవలసిన పని.

పొడిని మాత్రం నోటితో ఊదకండి, పొడిగా చీపురుతో దులపకండి. పూర్వం బ్రేకుల్లో ఆస్‌బెస్టాస్ వాడేవారు. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమయిన జబ్బులు తెస్తుంది. అది లేని పొడి కూడా పీల్చదగినది కాదు. 2024లో యూరపు దేశాల కూటమి చేసిన చట్టం, కార్ల బ్రేకుల నుంచి రాలే ధూళికి కూడా మొదటిసారిగా హద్దు పెట్టింది.

కాలిపర్ వన్నె తగ్గితే తుప్పు గీకి, వేడికి ఓర్చే రంగు వేస్తారు. ఇందులో ఒక ప్రమాదమున్నది. మెరుపు కోసం కొట్టే నూనె, పాలిషు, రంగు — ఏదయినా సరే — డిస్కుకో పాడ్ కో అంటిందంటే రాపిడి పోతుంది. బ్రేకు తొక్కినా కారు ఆగవలసినచోట ఆగదు. అందుకని ఈ పని తెలిసిన మెకానిక్కుకే వదలాలి.

కడిగిన మర్నాడు డిస్కు మీద నారింజరంగు తుప్పు కనబడితే నాన్నగారిని కంగారు పెట్టకండి. మెల్లగా నడుపుతూ నాలుగుసార్లు బ్రేకు వేస్తే అదే పోతుంది.

ఈసారి మీ ఇంట్లో చక్రాలు కడిగేటప్పుడు, ఆ మురికినీళ్ళు కొన్ని ఒక పాత డబ్బాలో పట్టండి. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి అందులో ముంచి తీయండి. సంచికి నల్లని మీసాలు మొలుస్తాయి!