తూకం సరిగ్గా వేద్దాం

తెలంగాణ శాసనసభకు 2023 నవంబరు 30న పోలింగ్ జరిగింది. 2014 నుంచి 2023 వరకు రాష్ట్రాన్ని ఏలిన పార్టీ పాలనను లెక్క చూసుకోవలసిన వేళ అది. తూనికలో ఎవరికీ అన్యాయం చేయరాదన్నది మన ధర్మం నేర్పిన నీతి. పాలకులను తూచేటప్పుడూ ఆ నీతిని విడువరాదని మేము భావిస్తున్నాం.

మొదట మేలును ఒప్పుకుందాం. 2016లో 71 పాఠశాలలతో మొదలైన మైనారిటీ గురుకులాలు మరుసటి ఏటికి 204 అయ్యాయి. వాటిలో దాదాపు సగం బాలికలవి. ఫీజు కట్టలేక చదువు మానేయవలసిన పిల్లలెందరో అక్కడ అన్నం తిని, అక్షరం నేర్చుకుంటున్నారు. రూ.51 వేలతో ఆరంభమైన షాదీ ముబారక్ సాయం రూ.1,00,116కు చేరింది. విదేశాల్లో పైచదువులకు రూ.20 లక్షల వరకు సాయం, ఇమాములకూ మౌజన్లకూ గౌరవ వేతనం లభిస్తున్నాయి. పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా 2020 మార్చిలో శాసనసభ తీర్మానం చేసింది. ఇవి కాదనలేని నిజాలు.

ఇక రెండో తట్ట. 12 శాతం రిజర్వేషన్ హామీయే 2014లో మన ఓట్లకు ఆధారం. సుధీర్ కమిషన్ మన వెనుకబాటును నమోదు చేసింది. 2017 ఏప్రిల్‌లో సభ బిల్లును ఆమోదించి ఢిల్లీకి పంపింది. అది అక్కడే ఆగిపోయింది. కేంద్రం ఒప్పుకోలేదన్న సమాధానంలో కొంత నిజముంది. రిజర్వేషన్లు మొత్తంగా 50 శాతం దాటరాదన్న సుప్రీంకోర్టు తీర్పు అడ్డంకేనన్నదీ నిజమే. కానీ ఆ అడ్డంకి హామీ ఇచ్చిన నాడూ ఉంది. పైగా ఆ ఏడాదే రాష్ట్రపతి ఎన్నికలో ఈ పార్టీ కేంద్ర పాలకపక్షం అభ్యర్థికి మద్దతిచ్చింది. బిల్లు కోసం ఆ మద్దతును ఎందుకు వాడుకోలేదు?

వక్ఫ్ బోర్డుకు న్యాయాధికారాలు ఇస్తామన్న మాటా నెరవేరలేదు. 2017 నవంబరులో బోర్డు రికార్డుల గదికి సీలు వేశారు. భూమిని కాపాడుకోవాలంటే కాగితం చేతిలో ఉండాలి. 2020 జూలైలో పాత సచివాలయంతో పాటు అక్కడి మసీదులూ నేలమట్టమయ్యాయి. 2023 ఆగస్టులో కొత్త మసీదు తెరుచుకుంది. సంతోషమే. అయితే కూల్చే ముందు సముదాయాన్ని అడగవలసిన బాధ్యత కొత్త కట్టడంతో తీరిపోదు.

రెండు తట్టలను పక్కపక్కన పెడితే ఒక తేడా స్పష్టమవుతుంది. పాలకుల దయతో వచ్చేవి అందాయి. చట్టంతో నిలిచే హక్కులు అందలేదు. పథకం ప్రభుత్వం మారితే ఆగిపోవచ్చు. హక్కు అలా ఆగదు. 2007 నాటి 4 శాతం కోటా ఇందుకు సాక్ష్యం. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నీడన అది నేటికీ మన పిల్లలకు కాలేజీ సీట్లు ఇస్తూనే ఉంది.

కాబట్టి మీ గడపకు వచ్చే ప్రతి అభ్యర్థినీ, ఏ పార్టీవారైనా సరే, మూడు ప్రశ్నలు అడగండి. కోటా కేసులో మన పక్షాన గట్టిగా వాదిస్తారా? వక్ఫ్ రికార్డులను తెరుస్తారా? అద్దె ఇళ్లలో నడుస్తున్న గురుకులాలకు సొంత భవనాలు కట్టిస్తారా? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. కృతజ్ఞత మన సంస్కారం, లెక్క అడగడం మన పౌరహక్కు. ఈ రెండింటికీ విరోధం లేదు.