గుర్రమెక్కిన తేయాకు దొరలు

"వాలంటీరంటే ఎవరి బలవంతమూ లేకుండా వచ్చినవాడే గదా సార్, అందులో తప్పేముంది?" అని కర్నూలులో మా తరగతి విద్యార్థి ఒకడు అడిగాడు. తేయాకు తోటల దొరలు అస్సాంలో నడిపిన వాలంటీరు గుర్రపు దళాల మాట వచ్చిందప్పుడు. అడిగినవాడు కోవెలకుంట్ల వైపు రైతుబిడ్డ. అతని ప్రశ్నకు సగం జవాబు అతని ఊరి చరిత్రలోనే ఉంది కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆ దళాల గురించి ఇంగ్లీషువారు రాసుకున్న చరిత్రల్లో పోలో ఆటలు, వెండి కప్పులు, విందులు, సాహసాలు ఉంటాయి. చదివి మురిసిపోయేవారు మనలోనూ ఉన్నారు. 1943లో గోవా రేవులో జర్మను ఓడ మీద దాడిచేసిన కలకత్తా లైట్ హార్స్ కథను 1980లో సినిమాగా కూడా తీశారు. వారి ధైర్యంతో నాకు తగువు లేదు. గుర్రం దిగిన తర్వాత ఆ దొర ఏం చేసేవాడన్నదే నాకు కావాలి.

గుర్రం దిగితే అతడు తోట మేనేజరు. లఖింపూర్ మొదలైన జిల్లాల చిన్న దళాలు 1891లో కలిసి అస్సాం వేలీ లైట్ హార్స్ అయినాయి. డిబ్రూగఢ్ దాని కేంద్రం. సిల్చార్ వైపు సుర్మా వేలీ లైట్ హార్స్ ఉండేది. ఆ తోటలకు కూలీ వచ్చేది ఒప్పందపు కాగితం మీద. 1865 చట్టం మగవానికి నెలకు 5 రూపాయలు, ఆడమనిషికి 4, పిల్లలకు 3 అని కూలి కట్టింది. పారిపోయిన కూలీని వారంటు లేకుండా పట్టుకొనే అధికారాన్ని దొరకే ఇచ్చింది. 1882 చట్టం దాన్ని నిలబెట్టింది. 1908 దాకా ఆ అధికారం పోలేదు. అంటే కూలి ఇచ్చేవాడు, పారిపోతే పట్టుకొనేవాడు, ప్రభుత్వం తరఫున తుపాకి పట్టి కవాతు చేసేవాడు అంతా ఒక్కడే! 1900లో ఇలాంటి తోటదొరలే లమ్స్‌డెన్ నాయకత్వంలో బోయర్లతో పోరాడటానికి దక్షిణాఫ్రికాకు ఓడెక్కారు. అదీ వీరగాథే వారికి.

ఆ కూలీల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారున్నారు. వారి సంతతి నేటికీ అస్సాంలో ఉంది. నేను పాఠం చెప్పే సాహిత్య చరిత్రల్లో వారి ఊసు లేదు; అది నా వృత్తికి సిగ్గుచేటు. ముల్క్ రాజ్ ఆనంద్ 1937లోనే అస్సాం తోట మీద నవల రాశాడు. అందులో కూలీ గంగు దొర తుపాకికి బలి అవుతాడు, దొర నిర్దోషిగా బయటికి వస్తాడు. పంజాబీ రచయితకు కనిపించిన తోట మనకెందుకు కనిపించలేదు?

ఇక మా సీమ సంగతి. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి రాగానే మన్రో పాలెగాళ్లను అణచాడు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డప్పుడు వెంట నడిచినవారిలో బతుకుతెరువు చెడిన కట్టుబడివారు ఎందరో. 1847లో అతన్ని కోవెలకుంట్లలో ఉరితీశారు. 1876–78 కరువులో కర్నూలు, కడప జిల్లాలు ఎండిపోతుంటే, సహాయపు పనికి వచ్చిన మనిషికి రోజుకు పౌను గింజలు చాలునని టెంపుల్ దొర లెక్కకట్టాడు. ఆ కరువు ఇంకా తీరకముందే, 1878లో, లిట్టన్ ఆయుధాల చట్టం తెచ్చాడు. చేలో పడ్డ అడవిపందిని కొట్టటానికి నల్లమల అంచు రైతుకు లైసెన్సు కావాలి. తేయాకు దొరకు అక్కర్లేదు. మమ్మల్నీ వాలంటీర్లుగా చేర్చుకోండని 1886 కలకత్తా కాంగ్రెసు అడిగింది. ఆ పెద్దమనుషులు విప్లవకారులు కారు, రాజభక్తులు. వారి కోరికనూ మన్నించలేదు.

పోనీ, ఆ స్వచ్ఛందమైనా నిలిచిందా? యుద్ధం ముదిరిన 1917లో యూరోపియన్ మగవారికి ఈ సేవను నిర్బంధం చేశారు. 1920లో ఆగ్జిలరీ ఫోర్సు చట్టం వచ్చింది. అందులోనూ మనకు చోటు లేదు. మరుసటి ఏడే మన తెలుగుదేశంలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు నడిచింది. చేతిలో కర్ర తుపాకి కూడా లేని వాలంటీర్లు వారు. 1921 నవంబరులో బెంగాల్ ప్రభుత్వం కాంగ్రెసు, ఖిలాఫతు వాలంటీరు దళాలను చట్టవిరుద్ధమని ప్రకటించింది. ఒకే సామ్రాజ్యంలో ఒకే మాటకు రెండు అర్థాలు!

అదే 1921 మే నెలలో చర్గోలా లోయ కూలీలు వేలాదిగా తోటలు వదిలి ఇళ్లదారి పట్టారు. చాందుపూర్ స్టేషనులో వారిని అర్ధరాత్రి చితకబాదినవారు గూర్ఖా సిపాయిలు. గుర్రపు దళం అక్కడ లేదు గదా అని వాదించేవారుంటారు. లేదు, నిజమే. పదుల మంది దొరలు వేల కూలీల మధ్య నిశ్చింతగా నిద్రపోవటానికి ఆ దళం ఉన్నదని కూలీకి తెలిసి ఉంటే చాలు. అది మించినప్పుడు సిపాయిలను పిలిచేవారు.

తోటలకు కాపలా కాసిన తుపాకులు అస్సాంలోనే ఆగలేదు కూడా. 1835లో కాచార్ లెవీగా పుట్టి, కొండజాతుల నుంచి తేయాకు సరిహద్దును కాపాడుతూ పెరిగిన దళమే అస్సాం రైఫిల్స్. దాన్ని 1924లో సీతారామరాజు మీదికి మన మన్యంలో దింపారు. ఆ ఏడు మే 7న ఆయన్ను కాల్చి చంపారు.