మృతులకు దక్కని పరిహారం

2024 డిసెంబర్ 10న ఓస్లోలో నోబెల్ శాంతి బహుమతి ప్రసంగం చేస్తూ 92 ఏళ్ల తెరుమి తనాకా రాసుకొచ్చిన పాఠాన్ని పక్కనపెట్టి ఒక మాట మళ్లీ చెప్పారు. అణుబాంబుకు బలైనవారికి జపాన్ ప్రభుత్వం ఎలాంటి పరిహారమూ ఇవ్వలేదన్నదే ఆ మాట. నాగసాకిపై బాంబు పడేనాటికి ఆయనకు 13 ఏళ్లు. బంధువులు ఐదుగురు పోయారు. అణ్వాయుధాలు వద్దన్న ఆయన పిలుపు ప్రపంచమంతా వినిపించింది కానీ, ఈ రెండో డిమాండు మాత్రం అంతగా చెవికెక్కలేదు. నిజానికి మొదటిదానికి బలం రెండోదే.

1945 ముగిసేలోపు హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 74,000 మంది చనిపోయారని అంచనా. మిగిలినవారు, అంటే హిబాకుషాలు, చాలాకాలం నోరు విప్పలేకపోయారు. అమెరికా ఆక్రమణ కాలంలో బాంబు గురించిన రాతలపై సెన్సార్ ఉండేది. 1947లో మొదలైన అమెరికా పరిశోధన సంస్థ వారి ఒంటిని పరీక్షించింది, వైద్యం మాత్రం చేయలేదు. రేడియేషన్ భయంతో సంబంధాలు తప్పిపోయేవి, ఉద్యోగాలు దొరికేవి కావు. 1952లో జపాన్ సైనికులకు, వారి కుటుంబాలకు సాయం చేసే చట్టం తెచ్చింది. బాంబు కింద నలిగిన సామాన్య పౌరులకు అందులో చోటు లేదు.

1954లో బికినీ దీవుల వద్ద అమెరికా జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద ఒక జపాన్ చేపల పడవపై రాలింది. ఆ పడవ రేడియో ఆపరేటర్ చనిపోయాడు. దేశం భగ్గుమంది, పరీక్షలు ఆపాలంటూ కోట్లలో సంతకాలు పోగయ్యాయి. ఆ వేడిలోనే 1956 ఆగస్టులో నాగసాకిలో బాధితుల సమాఖ్య నిహాన్ హిదాంక్యో పుట్టింది. ఓస్లోలో తనాకా మాట్లాడింది దీని తరఫునే. మరుసటి ఏడాది వైద్య సాయం చట్టం వచ్చింది. బాంబు పడి అప్పటికి 12 ఏళ్లు!

తర్వాత కూడా సాయం బతికున్నవారి ఆరోగ్యానికే పరిమితమైంది. 1963లో టోక్యో జిల్లా కోర్టు, బాంబుదాడి అంతర్జాతీయ న్యాయానికి విరుద్ధమని తేల్చింది, పరిహారానికి మాత్రం ఒప్పుకోలేదు. 1980లో ప్రభుత్వ సలహా సంఘం ఇంకా కటువుగా చెప్పింది: యుద్ధ నష్టాన్ని ప్రజలంతా సమానంగా ఓర్చుకోవాలట. హిబాకుషాలను ఈ మాట ఎంత గాయపరిచిందో ఊహించవచ్చు. పౌరుల చావులకు ప్రభుత్వం జవాబు చెప్పనక్కర్లేదంటే, రేపటి యుద్ధానికీ అదే లెక్క వర్తిస్తుంది. పరిహారమంటే వారికి డబ్బు మాత్రమే కాదు. ఆ యుద్ధానికి ప్రభుత్వం బాధ్యత ఒప్పుకోవడం, మళ్లీ జరగనివ్వమని మాటివ్వడం.

ఆ మాట జపాన్ ఇవ్వడం లేదు. 2017లో 122 దేశాల ఓటుతో ఆమోదం పొందిన అణ్వాయుధ నిషేధ ఒప్పందంపై అది సంతకం చేయలేదు. అమెరికా అణు రక్షణే తనకు దిక్కంటోంది. ఏటా హిరోషిమా మృతులకు మన పార్లమెంటు నివాళులర్పిస్తున్నా, ఆ 122లో భారత్ కూడా లేదు. ఇది మనం మాట్లాడుకోవాల్సిన విషయమే.

2025 మార్చిలో న్యూయార్క్‌లో ఆ ఒప్పంద దేశాలు సమావేశమైతే జపాన్ పరిశీలక హోదాలోనైనా వెళ్లలేదు. అదే నెలాఖరుకు గుర్తింపు పొందిన హిబాకుషాల సంఖ్య మొదటిసారి లక్ష లోపుకు పడిపోయింది. వారి సగటు వయసు 86 దాటింది. తనాకా రెండుసార్లు చెప్పిన మాటకు టోక్యో జవాబివ్వాల్సింది వారు బతికుండగానే.