ఆగిపోయే ఇంజన్లు

పిల్లలూ! ఈ నెల వచ్చిన జాబుల్లో రెంటికి ఒకే జవాబు చెప్పవచ్చు. "మాస్టారూ, మా మామయ్య బొమ్మ హెలికాప్టరు నేలమీద బాగానే తిరుగుతుంది; పైకి లేవగానే ఇంజను ఆగిపోతుంది, ఎందుకండీ?" అని నంద్యాల కుర్రవాడొకడు అడిగాడు. ఆళ్లగడ్డ అమ్మాయి ఒకతె, "మా చేలో డీజిలు ఇంజను మాటిమాటికీ ఆగుతున్నది. నీరు లేక పైరు వాడిపోతున్నది," అని రాసింది.

ఈ రెండు ఇంజన్లకూ తిండి వేరు. బొమ్మ ఇంజను మిథనాలుతో నడుస్తుంది; కందెనగా అందులో మన ఆముదం కలపటం కూడా కద్దు. చేలోది డీజిలుతో నడుస్తుంది. కాని గొట్టంలో గాలి చేరితే రెండూ ఆగుతవి. పైకి లేచేటప్పుడు ఇంధనం ఎక్కువ కావాలి గనక, నేలమీద తెలియని కొరత అప్పుడు బయటపడుతుంది.

ముందు గొట్టం చూడండి. చీలితే మార్చాలి, వదులైతే బిగించాలి. డీజిలు టాంకి అడుగంటినా గాలి చొరబడుతుంది. టాంకి నింపి, గాలి తీసే మర కొంచెం వదులుచేసి, బుడగలు పోయినదాకా చేతిపంపు కొట్టి, మళ్ళీ బిగిస్తారు. బొమ్మ ఇంజనుకు గొట్టం బాగుంటే, సూదిమర కాస్త విప్పి చూడాలి. ఇంధనం చాలకపోతే ఇంజను వేడెక్కి ఆగుతుంది.

ఒకసారికి ఒక్కటే మార్చాలి. అన్నీ కలిపి తిప్పితే జబ్బు దేనివల్ల కుదిరిందో తెలియదు.

ఒక హెచ్చరిక: మిథనాలు విషం; దాని మంట పగటిపూట కంటికి ఆనదు. తిరిగే రెక్కలు వేళ్ళు తెగగొట్టగలవు. చెయ్యిపెట్టే పని పెద్దలది. కారణం వెతికే పని మీది.