ముఖానికి లేసరు: ముందు కావలసిన సిద్ధపాటు



మొటిమలు తగ్గిపోయినా వాటి గుంటలు బుగ్గల మీద మిగిలిపోయిన పిల్లల గురించి తల్లులు మాకు తరచుగా వ్రాస్తూ ఉంటారు. ఈమధ్య వచ్చిన ఒక ఉత్తరంలో ఒక సోదరి సంగతి అంతా నాలుగు వరుసల్లో చెప్పారు. అమ్మాయికి ఇరవై మూడేళ్ళు, డిగ్రీ అయింది. రెండు సంబంధాలు ముఖం చూసి వెనక్కి వెళ్ళాయి. పట్నంలో లేసరుతో చర్మం నున్నగా చేస్తారట. వచ్చే నెలలో మరొకరు చూడటానికి వస్తున్నారు, ఈలోగా చేయించవచ్చునా?

ఈలోగా వద్దు. లేసరే వద్దని మేము అనడం లేదు, వచ్చే నెలకు వద్దంటున్నాము. ఆ గదిలో పని గంటలోపే అయిపోతుంది. కాని దానికి ముందు ఆరు వారాల సిద్ధపాటు ఉంది, తర్వాత వారం పది రోజుల ఎరుపు, పొట్టు ఉన్నాయి. ఫలితం కనబడేది మూడు నుండి ఆరు నెలలకు. తొందరపడితే గుంటలు అలాగే ఉండి, వాటిపైన నల్లమచ్చలు కూడా చేరవచ్చు.

ఎందుకలా అవుతుందో తెలియాలంటే లేసరు ఏమి చేస్తుందో కొంచెం తెలియాలి. గుంటలకు ఎక్కువగా వాడేది కార్బన్ డయాక్సైడ్ లేసరు. దీనిని 1964లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో కనిపెట్టినవారు మన దేశంలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ గారు. ఆ వెలుగు చర్మంలోని నీటిని ఒక్కసారిగా ఆవిరిచేసి పైపొరను తీసివేస్తుంది. పూర్వం ముఖమంతా ఒకే పొరగా తీసేవారు. 2004 తర్వాత వాడుకలోకి వచ్చిన ఫ్రాక్షనల్ పద్ధతిలో కంటికి ఆనని సన్నని చుక్కలుగా కాల్చి, చుక్కకూ చుక్కకూ మధ్య చర్మాన్ని ముట్టకుండా వదులుతారు, మడిలో కుదురుకూ కుదురుకూ ఎడం వదిలినట్టు. ఆ ముట్టని చర్మమే పక్కనున్న గాయాన్ని త్వరగా మాన్పుతుంది. అడుగున కొత్త పీచు పుట్టి గుంట కొంత పైకి వస్తుంది. పూర్తిగా పోతుందని చెప్పేవారిని నమ్మకండి. సూదితో గుచ్చినట్టు లోతుగా ఉండే గుంటలకు లేసరు ఒక్కటే చాలదు, వేరే పద్ధతులు కలపవలసి వస్తుంది.

అంటే ఇది లెక్కప్రకారం చేసే కాలిన గాయం. మన చామనఛాయ చర్మానికి గాయమంటే ఏమవుతుందో మనకు తెలుసు. తాలింపు నూనె చిందితే తెల్లవారికి ఎర్రబడి పోతుంది, మనకు నల్లమచ్చ నెలల తరబడి నిలుస్తుంది. మన చర్మంలో రంగును పుట్టించే కణాలు అంత చురుకైనవి. నేడు డాక్టర్లు చర్మాన్ని ఎండకు మాడే తీరునుబట్టి ఆరు తరగతులుగా చూస్తారు. మనలో అధికులు నాలుగైదు తరగతులవారు. మనవంటివారికి లేసరు చేయకూడదని కాదు, తక్కువ వేడితో, ఎక్కువ ఎడంతో, ఎక్కువ విడతల్లో చేయాలి.

సిద్ధపాటులో అన్నిటికంటె పెద్దది ఎండ. ఎండకు నల్లబడిన చర్మం మీద లేసరు చేయరాదు. ముందు నాలుగు నుండి ఆరు వారాలు ముఖానికి ఎండ తగలకూడదు. ఎస్.పి.ఎఫ్. 30 లేక అంతకంటె ఎక్కువున్న సన్‌స్క్రీన్ రెండు వేళ్ళ పొడవున తీసుకొని ముఖానికి, మెడకు రాయాలి. బయట ఉంటే రెండు మూడు గంటలకొకసారి మళ్ళీ రాయాలి. బొట్టంత తీసుకొని ముఖమంతా పూస్తే రాయనట్టే. చికిత్స తర్వాత మరో రెండు నెలలు ఇదే జాగ్రత్త. పట్నంలో నీడపట్టున ఉద్యోగం చేసుకొనే అమ్మాయికి ఇది కష్టం కాదు. నాట్లకు, పత్తి తీతకు, మిరప కోతకు వెళ్ళే మన పిల్లల మాటేమిటి? ఒక్క విడతకే మూడున్నర నెలలు ఆమె చేను పనికి పోకూడదు. ఆ కూలి డబ్బు కూడా చికిత్స ఖర్చులో కలిపి చూసుకోండి. దానిని ఏ డాక్టరూ బిల్లులో వ్రాయరు. కాబట్టి డాక్టరును తారీఖు అడిగేముందు మీ పంట పనుల వరుస చూసుకోండి. ఏప్రిల్, మే నెలలు మాత్రం అసలే వద్దు.

రెండవది పూతమందులు. మా భయమంతా ఇక్కడే. మందుల షాపులో తెల్లబడటానికని అడిగితే చేతిలో పెట్టే ట్యూబులు చాలావాటిలో బెటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ వంటి స్టిరాయిడ్లు ఉంటాయి. మొదటి నెల ముఖం నున్నగా, తెల్లగా కనిపిస్తుంది. తర్వాత చర్మం పలుచబడి, ఎర్రని సన్న నరాలు తేలి, మళ్ళీ మొటిమలు లేస్తాయి. మానితే మంట. ఇటువంటి స్టిరాయిడ్ పూతలు అనేకం డాక్టరు చీటీ మీదనే అమ్మాలని 2018లో ప్రభుత్వం నిబంధన చేసినా, ఊళ్ళలో ఇంకా చీటీ అడగనివారున్నారు. అటువంటి చర్మం మీద లేసరు చేస్తే మానడం కష్టం. ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ ఒక సంచిలో వేసుకొని డాక్టరు ముందు పెట్టండి. తిడతారని దాచవద్దు. వాటిని ఎలా మానాలో కూడా వారే చెప్పాలి.

మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడిన పిల్లలు తప్పక చెప్పాలి. పూర్వం ఆ మాత్ర ఆపాక ఆరు నెలలు ఆగమనేవారు. 2017లో చర్మవైద్యులు ఆ విషయం తిరిగి పరిశీలించి, కొన్ని పద్ధతులకు అంతకాలం అవసరం లేదన్నారు. మీకు ఏది వర్తిస్తుందో మీ డాక్టరును అడగండి. జ్వరం వచ్చినప్పుడు పెదవి చుట్టూ నీటిపొక్కులు వచ్చే అలవాటుందా? లేసరు తర్వాత అవి ముఖమంతా ప్రాకవచ్చు. ముందునుండే మాత్రలు వేసుకొంటే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. చెవులు కుట్టినచోటగాని, పాత దెబ్బ మీదగాని మచ్చ గడ్డలా పెరిగిందా, ఇంట్లో ఎవరికైనా బొల్లి ఉందా, షుగరు ఉందా, గర్భిణియా, పాలిచ్చే తల్లా, ఇవన్నీ అడగకపోయినా చెప్పండి. రక్తం పలుచబరచే మాత్రలు వేసుకొనేవారు మీ అంతట మీరు ఆపవద్దు. కొత్త మొటిమలు లేస్తుంటే ముందు అవి తగ్గాలి. ఆ వారాల్లో బ్లీచింగ్, ఫేషియల్, త్రెడ్డింగ్, నిమ్మరసం ఏవీ వద్దు.

కూటాల నుండి తెచ్చిన ప్రార్థన నూనె ముఖానికి రాసుకొనే అలవాటు మనలో చాలామందికి ఉంది. కావాలంటే తలకు రాసుకోండి, పచ్చిగాయం మీద మాత్రం వద్దు. పసుపుకూ అదే మాట.

ఇక ఎవరిచేత చేయించాలి? ఇప్పుడు చిన్న పట్టణాల్లో బ్యూటీపార్లర్లు కూడా లేసరు బోర్డు పెడుతున్నాయి. చర్మవ్యాధులలో ఎం.డి. లేక డిప్లొమా చదివిన డాక్టరేనా అని అడగండి. మన రంగువారికి చేసిన ఫోటోలు చూపమనండి. చెవి వెనుక చిన్న చోట మొదట చేసి, కొన్ని వారాలు చూసి, తర్వాత ముఖానికి వెళ్ళేవారైతే మరీ మంచిది. ఎన్ని విడతలు, మొత్తం ఎంత అవుతుంది అన్నది ముందే తేల్చుకోండి. ఒక విడత ధర చెప్పి పిలిచేవారు ఉన్నారు. సాధారణంగా మూడు నాలుగు విడతలు, నెల రెండు నెలల ఎడంతో పడతాయి.

లేసరు పాపమా అని అడిగినవారికి మా జవాబు, విరిగిన పన్ను కట్టించుకోవడం పాపం కాకపోతే ఇదీ కాదు. కాని ఆ సోదరిని మేము ఒకటి అడుగుతాము. అమ్మాయి తనకోసం కావాలంటున్నదా, లేక మీ ముఖం చూసి సరే అంటున్నదా? ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. తనకే కావాలంటే, చేతిలో ఉన్న డబ్బుతో, ఆరు నెలలు చూసుకొని నిదానంగా చేయించండి. పొలం తాకట్టు పెట్టవద్దు. సంబంధం వారిని మాత్రం ఉన్న ముఖంతోనే చూడనివ్వండి. సంఘ పెద్దలకు కూడా ఒక మాట. ఆదివారం హృదయాన్ని చూడాలని ప్రసంగం విని, సోమవారం ఫోటో పంపండి, రంగెంత అని అడిగే ఇళ్ళు మన సంఘాల్లోనే ఉన్నాయి. ఆ రెండు సంబంధాలు ఏ సంఘంవో మాకు తెలియదు, కాని అన్యులవి అయి ఉంటాయని అనుకోలేము.

చికిత్స రోజున ముఖం శుభ్రంగా కడుక్కొని, పౌడరు, కాటుక లేకుండా వెళ్ళాలి. పూర్తి మత్తు ఇస్తామని చెప్పకపోతే ఖాళీ కడుపు అవసరం లేదు, ఆ ఒక్కరోజు ఉపవాసం మరొక రోజుకు మార్చుకోండి. తిమ్మిరి మందు పూసి ముప్పావు గంటో గంటో కూర్చోబెడతారు, కళ్ళకు కప్పులు పెడతారు. చురుక్కుమంటుంది, వేడి పొక్కినట్టుంటుంది. తోడుగా ఒకరు ఉండాలి, గొడుగు ఉండాలి. వేజలీను డబ్బా, వ్రాసిచ్చిన మందులు అక్కడే కొనుక్కోండి. తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం బస్సు కాక పొద్దు వాలాక వచ్చే బస్సు చూసుకోండి. వారం రోజులు కట్టెల పొయ్యి సెగ దగ్గరకు పోనివ్వక, వంట మరొకరు చేయండి.