క్లోమం ఆపరేషన్: లీకు కాకుండా చూసుకొనే మార్గం



ధర్మపురి నుండి ఒక సహోదరి వ్రాశారు. ఆమె భర్తకు పచ్చకామెర్లు తగ్గకపోగా, పరీక్షలలో క్లోమం తలభాగాన గడ్డ ఉన్నదని తేలింది. దీనినే డాక్టర్లు పాంక్రియాస్ అంటారు. హైదరాబాదులో ఆపరేషన్ చేయాలన్నారు. "కుట్టిన చోట లీకు కావచ్చు, ప్రాణాపాయం రావచ్చు అని చెప్పి సంతకం అడిగారు. లీకు కాకుండా మార్గం లేదా?" అని ఆమె ప్రశ్న.

సహోదరీ, మార్గం ఉన్నది. అందులో డాక్టరు వంతు కొంత, ఇంటివారి వంతు కొంత.

క్లోమం జీర్ణాశయం వెనుక ఉండే మెత్తని గ్రంథి. దాని రసం మాంసాన్ని, క్రొవ్వును అరిగిస్తుంది. ఆ రసం ప్రేగులోకి వెళ్ళినంతవరకు మేలే. కాలువకు గండిపడితే పొలం తడపవలసిన నీరే పైరును ముంచుతుంది. అలాగే ఈ రసం కుట్ల సందున బయటికి కారితే చుట్టూ ఉన్న కండను, రక్తనాళాలను తినివేస్తుంది. చీము పట్టవచ్చు, రక్తస్రావం కావచ్చు.

ఈ ఆపరేషన్‌లో గడ్డ ఉన్న భాగాన్ని తీసివేసి, మిగిలిన క్లోమాన్ని ప్రేగుకు కుడతారు. 1935లో దీనిని లోకానికి తెలిపిన అమెరికా సర్జన్ అలెన్ విప్పుల్ మిషనరీల బిడ్డ. 1881లో పర్షియాలోని ఉర్మియాలో జన్మించారు. నాటి క్యాట్‌గట్ దారాన్ని క్లోమరసం కరిగించేది గనుక పట్టుదారం వాడవలసి వచ్చింది. నేటికీ మంచి ఆస్పత్రులలో సైతం సుమారు 100 మందిలో 10 నుండి 20 మందికి వైద్యం అవసరమయ్యే లీకు వస్తుంది. గ్రంథి మరీ మెత్తగా, నాళం సన్నగా ఉన్నవారికి ఎక్కువ. సన్నని కుట్లు, నాళంలో చిన్న గొట్టం, రసాన్ని తగ్గించే మందు వంటివి వాడతారు గాని, ఏదీ పూర్తిగా ఆపలేదు.

కాబట్టి లీకును త్వరగా కనిపెట్టడమే ప్రాణరక్షణ. పొట్టలో ఉంచిన డ్రెయిన్ గొట్టంలోని నీటిని అమైలేజ్ పరీక్షకు పంపుతారు. మూడవ రోజునుండి అది రక్తంలో ఉండదగిన గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు మించితే జాగ్రత్తపడతారు. నెదర్లాండ్స్‌లో 17 ఆస్పత్రులు రోగిని రోజూ ఒకే పద్ధతిలో పరీక్షించి, అనుమానం రాగానే స్కానింగ్, చికిత్స చేశాయి. 90 రోజులలో మరణాలు నూటికి 5 నుండి 3కు తగ్గినట్లు 2022లో ప్రకటించారు.

ఇక ఇంటివారి వంతు.

మొదటిది, ఇటువంటి ఆపరేషన్లు తరచుగా చేసే ఆస్పత్రినే ఎన్నుకోండి. "ఏడాదికి ఎన్ని చేస్తారు?" అని అడగడం తప్పు కాదు. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆరోగ్యమిత్రను అడగండి.

రెండవది, కామెర్లకని పసరు మందులతో కాలం గడపవద్దు.

మూడవది, బీడీ, గుట్కా, మద్యం నేటినుండే మానిపించండి. మన కోరుట్ల, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఇండ్లలో ఇది కష్టమే, అయినా తప్పదు. గుడ్డు, పప్పు, పాలు డాక్టరు చెప్పిన మేరకు పెట్టండి. షుగరు అదుపులో ఉండాలి. రోజూ నడిపించండి.

నాలుగవది, ఆపరేషన్ తరువాత గొట్టం లాగబడకుండా చూడండి. ఎంత నీరు వచ్చింది, ఏ రంగులో ఉంది అన్నది కాగితం మీద వ్రాసి నర్సమ్మకు చూపండి.

అయిదవది, డిశ్చార్జి కాగానే ఊరికి పరుగెత్తవద్దు. ధర్మపురి హైదరాబాదుకు 200 కిలోమీటర్ల పైన ఉన్నది. వీలైతే కొన్నాళ్ళు ఆస్పత్రికి దగ్గరలో ఉండండి. చలిజ్వరం, పెరిగే కడుపునొప్పి, ఉబ్బరం, ఆగని వాంతులు, గాయం నుండి కారడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి ఫోను చేయండి. గొట్టంలో ఎర్రని రక్తం, రక్తపు వాంతి, నల్లని విరేచనం కొద్దిగా కనబడినా తెల్లవారేదాకా ఆగవద్దు. అది పెద్ద రక్తస్రావానికి ముందు హెచ్చరిక కావచ్చు. కొన్ని వారాల తరువాత కూడా రావచ్చు. 108కి ఫోను చేసి దగ్గరలోని పెద్ద ఆస్పత్రికి చేర్చండి. ఆపరేషన్ కాగితాలు వెంట ఉండాలి.

పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని ప్రభువు నొద్దకు తెచ్చిన సంగతి మార్కు సువార్తలో చదువుతాము. ఆ కుటుంబానికి నేడు సంఘమే ఆ నలుగురు. ఒకరు రక్తం ఇవ్వండి, ఒకరు ఆస్పత్రిలో తోడుండండి, ఒకరు ఇంటివద్ద పిల్లలకు అన్నం పెట్టండి, ఒకరు ప్రయాణ ఖర్చు భరించండి. అందరము ప్రార్థించుదము.

సహోదరీ, భయంతో గాక, అన్నీ అడిగి తెలుసుకొని సంతకం చేయండి. ప్రభువు మీ ఇంటికి తోడైయుండును గాక.